తప్పులు మాట్లాడే చెల్లి, ముక్కలు మాట్లాడే అన్న

హైదరాబాదు శివారులో ఉంటున్న ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఆవిడ పుట్టిల్లు కరీంనగర్ వైపు, అత్తవారిది గుంటూరు జిల్లా. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. బాబుకి నాలుగేళ్ళ మూడు నెలలు, ఎల్‌కేజీ. పాపకి రెండేళ్ళ పది నెలలు.

బాబుకి మాటలు చాలానే వచ్చు. రోడ్డు మీద పోయే బండ్లన్నిటి పేర్లూ చెబుతాడు. వాక్యమే రాదు. ‘నాన్న ఆఫీసు పో’, ‘నేను పాలు తాగింది’, ‘అమ్మ బస్సు ఎర్ర’ అని ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. ఒక పని చెబితే చేస్తాడు. రెండు కలిపి చెబితే ఒకటి చేసి దిక్కులు చూస్తాడు. పాప గలగలా మాట్లాడుతుంది గానీ ఆ పిల్ల మాటల్లోనూ తప్పులున్నాయని ఈ తల్లి రాసి పంపారు: ‘నేనుకి ఇవ్వు’, ‘రెండు పండులు’, ‘నాన్న ఇల్లుకి వచ్చిండు’. ఇద్దరికీ ఏదో ఉందేమోనని ఆవిడ భయం.

ఇంట్లో తలొక మాట. ‘మావాడికీ నాలుగేళ్ళ దాకా మాటలు సరిగ్గా రాలేదు, ఇప్పుడు ఇంజినీరు కాలేదూ’ అని అత్తగారి ధైర్యం. ఆవిడే నాలుక్కి వస రాస్తున్నారు, నాలుక కింద తీగ కోయిద్దామనీ అంటున్నారు. అమెరికాలో ఉన్న ఆడపడుచు వీడియో కాల్‌లో చూసి ఆటిజం అన్నారు. భర్త రోజూ సాయంత్రం బాబుని ఎదురుగా కూర్చోబెట్టి ‘అను, మళ్ళీ అను’ అంటూ వాక్యాలు చెప్పిస్తున్నారు. ఇప్పుడు నాన్న స్కూటర్ చప్పుడు వినగానే బాబు మంచం కిందికి దూరుతున్నాడు. రెండు భాషలతో తికమకపడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే జూన్‌లో యూకేజీకి పంపలేం అన్నది బడివాళ్ళ మాట. సైగ చేస్తే ఏమీ ఇవ్వకండి, నోరు తెరిచి అడిగితేనే ఇవ్వండి అని పక్కింటావిడ సలహా. ఉత్తరం చివర ఆ తల్లి మూడు ప్రశ్నలు అడిగారు. ఐదేళ్ళు వచ్చేదాకా ఆగమంటారా? తెలుగు మానేయమంటారా? పాప పుట్టాక వీడికి ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాను, ఇది నా వల్లేనా?

అమ్మా,

మీ మూడో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. కాదు. మీ వల్ల కాదు.

పిల్లలకి వ్యాకరణం తల్లిదండ్రులు నేర్పరు. మనం నేర్పామనుకుంటాం, అంతే. అమెరికాలో హార్వర్డ్ ఆచార్యుడు రోజర్ బ్రౌన్ 1960లలో ముగ్గురు చిన్నపిల్లల మాటల్ని వాళ్ళ ఇళ్ళలోనే నెలల తరబడి రికార్డు చేయించాడు. కామిల్ హాన్లన్‌తో కలిసి 1970లో ఆ రికార్డుల్ని పరిశీలిస్తే, తల్లులు పిల్లల వ్యాకరణాన్ని దాదాపుగా దిద్దడమే లేదని తేలింది. ఈవ్ అనే పాప వాళ్ళమ్మ గురించి చెబుతూ మగవాళ్ళకి వాడే సర్వనామం వాడింది, మనం ‘వాడు ఆడపిల్ల’ అన్నట్టు. తల్లి ‘అవును, కరెక్టే’ అంది. చెప్పిన సంగతి నిజమే కదా! సంగతి అబద్ధమైతేనే ఆ తల్లులు దిద్దారు. అయినా పిల్లలు ముగ్గురూ చక్కగా మాట్లాడేశారు. చుట్టూ మాట్లాడే మాటలు చెవిన పడుతుంటే చాలు, వాటిలోంచి సూత్రాలు లాక్కునే పని పిల్లల బుర్రే చేసుకుంటుంది. కొంతమంది పిల్లల్లో ఆ పని నెమ్మదిగా సాగుతుంది, లేదా దానికి కావలసిన శబ్దమే సరిగ్గా అందదు. అది పెంపకంలో లోపం కాదు. ఫోన్ విషయం వేరు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తగ్గించండి, ఎందుకంటే ఫోన్ నడుస్తున్నంతసేపూ ఇంట్లో కబుర్లు ఆగిపోతాయి. కానీ చెల్లీ అదే ఇంట్లో, అదే ఫోన్ మధ్య పెరిగి గలగలా మాట్లాడుతోంది కదా. బాబు వాక్యాలకి ఫోన్ ఒక్కటే కారణమైతే అలా జరగదు.

పాప సంగతి తేల్చేద్దాం. ఆ పిల్ల తప్పులు చూసి భయపడకండి. నాకు వాటిని చదువుతుంటే ముచ్చటేసింది.

‘రెండు పండులు’ అన్న పిల్లకి ఒకటి కంటే ఎక్కువ ఉంటే ‘లు’ చేర్చాలని తెలుసు. పండు విషయంలో అది ‘పళ్ళు’ అవుతుందన్న సంగతి ఒక్కటే ఇంకా పట్టుబడలేదు. ‘నేనుకి’ అన్న పిల్లకి ఇవ్వడం అన్న చోట ‘కి’ ఉండాలని తెలుసు. ‘ఇల్లుకి’ కూడా అంతే. ‘పండులు’ అని మీ ఇంట్లో ఎవరూ అనరు. అంటే అది విని చెప్పిన మాట కాదు, సొంతంగా కట్టిన మాట. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఈ సంగతినే పరీక్షించింది. ఎక్కడా లేని ఒక జంతువు బొమ్మ గీసి ‘ఇది వగ్’ అని పిల్లలకి చూపించింది. తర్వాత రెండు బొమ్మలు చూపించి ‘ఇప్పుడివి రెండు...’ అని ఆపింది. పిల్లలు ‘వగ్స్’ అని పూర్తిచేశారు. ఎన్నడూ వినని మాటకి బహువచనం చేశారంటే అది బట్టీ కాదు. మీరూ చేసి చూడండి. ఏదో వింత బొమ్మకి ‘లుంపి’ అని పేరు పెట్టండి. రెండు పెట్టి అడగండి. ‘లుంపిలు’ అంటే ‘లు’ వచ్చేసినట్టు. ‘లుంపులు’ అందనుకోండి, ఇంకా గొప్ప. పిల్లి పిల్లులు, బల్లి బల్లులు అవుతున్నాయని, చివరి ఇకారం ఉకారంగా మారుతోందని ఆ పిల్ల తనంతట తానే పట్టేసిందన్నమాట. పెద్దవాళ్ళం రోజూ వాడుతూ కూడా మనం ఆ సంగతి గమనించం.

ఇక ‘వచ్చిండు’ అసలు తప్పే కాదు. అది మీ పుట్టింటి తెలుగు. నాన్నమ్మ దగ్గర ‘వచ్చాడు’, అమ్మ దగ్గర ‘వచ్చిండు’ అంటోందంటే పాపకి రెండూ వచ్చని అర్థం. మీ అత్తగారు దాన్ని దిద్దుతున్నారని రాశారు. ఆవిడకి మెల్లగా చెప్పండి.

బాబు సంగతి వేరు. వాడి మాటల్లో నన్ను ఆపింది తప్పులు కాదు, మాటల చివర ఉండవలసినవి లేకపోవడం. ‘ఆఫీసు’ పక్కన ‘కి’ లేదు. ‘పో’ దగ్గర క్రియ ఆగిపోయింది, ఎవరు వెళ్ళారో, వెళ్ళారో వెళ్తారో చెప్పే ముక్క లేదు. నేను, నాన్న, బస్సు, ఎవరి గురించైనా ‘ఇంది’ ఒక్కటే. తెలుగులో ‘ఇది బస్సు’, ‘బస్సు ఎర్రది’ రెండూ క్రియ లేకపోయినా నిండు వాక్యాలే, కాబట్టి క్రియ లేదన్న ప్రతిచోటా లోపం ఉన్నట్టు కాదు. అలాంటివి పక్కన పెట్టినా మీరు పంపిన వాటిలో చాలా మిగులుతున్నాయి. నాలుగేళ్ళు దాటేసరికి చాలామంది తెలుగు పిల్లలు ‘లేచి, పళ్ళు తోముకుని, పాలు తాగి ఆడుకున్నా’ అని పనులు వరసగా గుదిగుచ్చి చెబుతారు. ‘నాన్న వస్తానన్నాడు’ అని ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తారు. అలాంటిది ఒక్కటీ మీ ఉత్తరంలో కనిపించలేదు.

ఈ చివరి ముక్కలు లేకపోతే ఏమవుతుందో మీరు రాసిన గొడవలోనే ఉంది. బాబు ఏడుస్తూ వచ్చి ‘చెల్లి నేను కొట్టింది’ అన్నాడు. వాళ్ళ నాన్నకి ‘చెల్లిని నేను కొట్టాను’ అన్నట్టు వినపడింది. చెల్లిని కొట్టి పైగా వచ్చి చెబుతావా అని కోప్పడ్డారు. బాబు చేతిలో కారు గోడకేసి కొట్టాడు. ఆ తర్వాతే మీరు వాడి మోచేతి మీద ఎర్రగా కందిన చోటు చూశారు. దెబ్బ తిన్నది వాడే! ‘నన్ను’ అనవలసిన చోట ‘నేను’ అన్నాడు. ‘కొట్టింది’ అన్న మాటని బట్టి పోల్చుకుందామంటే వాడు అందరికీ ‘ఇంది’ అనే అంటాడాయె. దెబ్బ తినీ, న్యాయం అడగడానికి వచ్చీ, తిట్లు తిని వెళ్ళాడు పాపం. ఈ మధ్య వస్తువులు విసిరేస్తున్నాడు, మొండిగా తయారయ్యాడు అని రాశారే, అందులో ఎంత భాగం ఇలాంటి సందర్భాల్లోంచి పుట్టిందో ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు ఏం చేయాలి?

అన్నిటికంటే ముందు చెవులు. ఏడాదిన్నర నుంచి తరచూ జలుబులు, రెండుసార్లు చెవిలో చీము అని ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నాకు అదే పెద్ద విషయంగా కనిపించింది. కర్ణభేరి వెనక నీరు చేరితే పిల్లవాడికి చెవుల్లో దూది పెట్టుకుని విన్నట్టు ఉంటుంది. పిలిస్తే పలుకుతాడు, టీవీ వింటాడు, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. కానీ తెలుగులో వ్యాకరణమంతా మాట తోకలోనే ఉంటుంది: ని, కి, తో, డు, ది. మనం మాట్లాడేటప్పుడు గొంతు దిగేది కూడా అక్కడే. సగం సగం వినేవాడికి ముందుగా జారిపోయేవి అవే. పైగా ఈ నీరు ఒక నెల ఉంటుంది, ఒక నెల పోతుంది. అందువల్ల పుట్టినప్పుడు ఆసుపత్రిలో చేసిన చెవి పరీక్ష బాగుందన్నారు కదా అని ఊరుకోకూడదు. ఈఎన్‌టీ డాక్టరుకి చూపించి, ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించే నిపుణులు) చేత టింపనోమెట్రీ, ఆడియోమెట్రీ చేయించండి. టింపనోమెట్రీలో మధ్య చెవిలో నీరుందేమో తెలుస్తుంది. ఈ వయసు పిల్లలకి ఆడియోమెట్రీ ఆటలాగే చేస్తారు, శబ్దం వినిపించినప్పుడల్లా డబ్బాలో ఒక బొమ్మ వేయమంటారు. బాబు సహకరించకపోతే నిద్రపుచ్చి, శబ్దానికి మెదడు స్పందనని చూసే బెరా పరీక్ష ఉంది. నీరుందని తేలితే ఇంకొన్నాళ్ళు చూసో, అవసరమైతే చిన్న ఆపరేషన్‌తోనో సరిచేస్తారు. చెవులు బాగున్నాయని తేలినా ఆ పరీక్ష వృథా కాదు. తర్వాత ఎవరు చూసినా ముందు అడిగేది దాని రిపోర్టే.

చెవులు బాగుండి కూడా కొందరు పిల్లలకి వాక్యం కట్టడం చాలా కష్టమవుతుంది. తెలివి బాగుంటుంది, ఆట బాగుంటుంది, భాష ఒక్కటే వెనకబడుతుంది. దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, పొట్టిగా డీఎల్‌డీ అంటున్నారు. ఒక్కొక్కరు ఒక్కో పేరు వాడుతూ తికమకపెడుతున్నారని, డొరొతీ బిషప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరికొందరితో కలిసి చాలామంది నిపుణుల అభిప్రాయాలు కూడగట్టి 2017లో ఈ పేరు ఖాయం చేయించారు. ఇంగ్లండులో 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో బడిలో చేరే పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఇలాంటి ఇబ్బంది ఉందని తేలింది. అంటే ముప్పైమంది ఉన్న తరగతిలో ఇద్దరు. ఆటిజం కంటే ఎక్కువమందిలో ఉండి, దానికంటే ఎంతో తక్కువగా వినిపించే పేరు ఇది. మీ బాబుకి ఇదేనని నేను అనడం లేదు. ఉత్తరం చూసి పేరు పెట్టకూడదు.

ఆ మాటకొస్తే వీడియో కాల్ చూసీ పెట్టకూడదు. కొత్త కారు బొమ్మ కొనగానే పరుగున తెచ్చి మీ మొహంలోకి చూస్తూ చూపించాడని, చెల్లితో ఉత్తుత్తి వంటలు వండుతాడని, దాగుడుమూతల్లో తన వంతు కోసం ఆగుతాడని రాశారు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో కష్టమయ్యేవి సరిగ్గా ఇవే. అయినా పరీక్ష చేసే వాళ్ళు అదీ చూస్తారు, చూడనివ్వండి. ఆడపడుచు మీద కోపం పెట్టుకోకండి. తోచింది చెప్పారు, మేనల్లుడి మీద ప్రేమతోనే.

మీ అత్తగారి ధైర్యం దగ్గర మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. ‘వాళ్ళ నాన్నకీ ఆలస్యమే’ అన్న మాటని మన ఇళ్ళలో ఊరటగా వాడతారు. నిజానికి భాషా ఇబ్బందులు కుటుంబాల్లో నడుస్తాయి. తండ్రికి ఆలస్యమైందంటే, కొడుకు విషయంలో ఆగడానికి కాదు, త్వరపడడానికే అది కారణం. ఆవిడని నొప్పించకుండా ఇలా అడగండి: ‘అత్తయ్యా, ఆయనకి చిన్నప్పుడు చదవడం తొందరగా వచ్చిందా? తెలుగు వాచకం ఎలా చదివేవారు?’ ఆ జవాబులు డాక్టరుకి పనికొస్తాయి, ఆవిడకీ తన మాటకి విలువ దక్కినట్టుంటుంది. వస ఆపించండి. అది వాంతులు తెప్పించగలదు, వాక్యాలు తెప్పించలేదు. నాలుక కింద తీగ నిజంగా బిగిసి ఉంటే ల, ర, ద లాంటి అక్షరాలు పలకడం కష్టం కావచ్చు. ‘కి’, ‘ని’ వదిలేయడానికీ దానికీ సంబంధం లేదు. డాక్టరు చూసి అవసరమంటే తప్ప కోయించకండి.

మీ రెండో ప్రశ్న తెలుగు గురించి. ఈ సలహా మన బడుల్లో చాలా మామూలైపోయింది, వింటే బాధేస్తుంది. రెండు భాషల వల్ల భాషాలోపం రాదు. కెనడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ మాట్లాడే భాషాలోపం ఉన్న పిల్లల్ని, ఒకే భాష మాట్లాడే అలాంటి పిల్లలతో జోహాన్ పారడిస్, ఆమె తోటివాళ్ళు 2003లో పోల్చి చూశారు. రెండు భాషల పిల్లలు అదనంగా ఏమీ వెనకబడలేదు. పుట్టుకతోనే ఎదుగుదల నెమ్మదించే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల విషయంలోనూ తర్వాత ఇలాంటి ఫలితమే వచ్చింది. తెలుగు మానేస్తే ఏం జరుగుతుందో చూడండి. మీకు ఇంగ్లీషులో మాట్లాడడం తడబాటుగా ఉంటుందని మీరే రాశారు. అప్పుడు బాబుకి మీ నుంచి అందేది ‘కమ్’, ‘సిట్’, ‘ఈట్’. కథలు పోతాయి, బుజ్జగింపులు పోతాయి, నాన్నమ్మతో కబుర్లు పూర్తిగా పోతాయి. తెలుగులో కష్టమైన వాక్యం ఇంగ్లీషులో సులువు కాదు. నిజంగా భాషాలోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, ఒకటి తీసేసినంత మాత్రాన రెండోది బాగుపడదు. బడిలో ఇంగ్లీషు వినడం మానిపించనక్కర్లేదు. ఇంట్లో మాత్రం మీకు ఏ భాషలో నోరు ఆగకుండా ఆడుతుందో అందులోనే మాట్లాడండి, కరీంనగర్ యాసతో సహా.

మీవారి సాయంత్రపు పాఠం గురించి. ఆయన ఆరాటం నాకు అర్థమవుతోంది. పని మానుకుని కొడుకు ఎదురుగా కూర్చునే తండ్రిని తప్పుపట్టను. కానీ ఆయన చేస్తున్నది నేర్పడం కాదు, పరీక్ష పెట్టడం. చెప్పిన వాక్యాన్ని తిరిగి చెప్పమనడం నిజంగానే స్పీచ్ నిపుణులు వాడే పరీక్ష. ఎందుకంటే పిల్లలు తమలో లేని వ్యాకరణాన్ని తిరిగి చెప్పలేరు, తమకున్న దాంట్లోకి కుదించి చెబుతారు. 1960లలో డేవిడ్ మెక్‌నీల్ రాసిన ఒక సంభాషణ భాషాశాస్త్రంలో పేరుపడింది. పిల్లవాడు ఇంగ్లీషులో ఒక తప్పు వాక్యం అంటాడు. తల్లి సరైనది చెప్పి అలా అనమంటుంది. అదే తప్పు మళ్ళీ అంటాడు. ఎనిమిదిసార్లు అయ్యాక తల్లి ‘జాగ్రత్తగా విను’ అంటే, ‘ఓహో’ అని అసలు తప్పు అలాగే ఉంచి ఇంకోచోట మాట మారుస్తాడు. ఆ పిల్లవాడికి ఏ లోపమూ లేదు. బాబు రోజూ ఓడిపోయే పరీక్ష రాస్తున్నాడు, అందుకే మంచం కింద దాక్కుంటున్నాడు.

ఆ అరగంటని మీవారు వదులుకోనక్కర్లేదు, తీరు మార్చుకుంటే చాలు. నేల మీద వాడి కార్ల పక్కన కూర్చోమనండి. బాబు ‘కారు గోడ పడింది’ అంటాడు. ‘అలా కాదు’ అనకుండా ‘అవును, కారు గోడకి తగిలింది! గోడకి తగిలి కింద పడింది. ఇప్పుడు లారీ దేనికి తగులుతుందో?’ అనాలి. ‘గోడకి’ అన్నచోట కాస్త సాగదీసి, గొంతు దించకుండా. తర్వాత ఆగాలి, మనసులో ఐదు లెక్కపెట్టేంతసేపు. వాడు తిరిగి అన్నా సరే, అనకపోయినా సరే, లారీని తోసినా సరే. వాడు అన్నదాన్నే సరైన రూపంలో, వాడు చూస్తున్న వస్తువు మీదే, వెంటనే వినిపించడం ఈ పద్ధతికి ప్రాణం. ఒక వారం ‘కి’ మీద దృష్టి పెట్టండి: బడికి, నాన్నకి, కుక్కకి బిస్కెట్, బొమ్మకి చొక్కా. పది రకాల చోట్ల ఒకే ముక్క వినపడితే పట్టుకోవడం తేలిక. ‘ఇదేంటి, ఇదేం రంగు’ లాంటి ప్రశ్నలు తగ్గించండి. పేర్లు వాడికి ఇప్పటికే వచ్చు. పాప మధ్యలో దూరి వాడి మాట పూర్తిచేసేస్తుంది కాబట్టి రోజులో కాసేపైనా బాబు ఒక్కడితోనే గడపండి.

సైగ చేస్తే ఇవ్వొద్దన్న సలహా దయచేసి పాటించకండి. చిన్నపిల్లలు రెండు మాటలు కలపడానికి ముందు ఒక మాట, ఒక సైగ కలుపుతారు. నాన్న చెప్పులు చూపిస్తూ ‘నాన్న’ అనడం లాంటిది. వాక్యానికి అది మొదటి మెట్టు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి మాటలతో పాటు సైగలు కావాలనే నేర్పుతారు, దానివల్ల మాట వెనక్కి పోదు. నికరాగువా దేశంలో 1970ల చివర మనాగ్వా నగరంలో చెవిటి పిల్లల బడి మొదలైనప్పుడు, అప్పటిదాకా ఎవరింట్లో వాళ్ళు ఏవో సైగలతో నెట్టుకొస్తున్న పిల్లలు ఒక్కచోట చేరారు. కొన్నేళ్ళలో, చిన్నవాళ్ళు చేరేకొద్దీ, ఆ సైగలు సొంత వ్యాకరణం ఉన్న పూర్తి భాషగా మారాయి. పెద్దలెవరూ నేర్పలేదు. చేతులతో చెప్పనిస్తే నోరు బద్ధకిస్తుందన్న భయానికి ఆధారం లేదు. బాబు సైగ చేస్తే వస్తువు ఇవ్వండి, ఇస్తూ ఆ వాక్యం మీరు అనండి.

మీ మొదటి ప్రశ్న, ఐదేళ్ళ దాకా ఆగడం. రెండేళ్ళప్పుడు మాటలు ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తమంతట తాము అందుకుంటారు, అందుకే ఆ వయసులో కొన్నాళ్ళు చూద్దాం అనడంలో అర్థముంది. నాలుగు దాటాక కూడా ఇంత తేడా ఉంటే దానంతటదే పోయే అవకాశం బాగా తగ్గుతుంది. ఆగితే ఖర్చు ఉండదు, ఇంట్లో గొడవ ఉండదు. కానీ ఈలోగా చదవడం మొదలవుతుంది, భాష వెనకబడ్డ పిల్లలకి చదివింది అర్థం చేసుకోవడం కూడా కష్టమవుతుంది. నేనైతే ఆగమనను.

ఎక్కడికి వెళ్ళాలన్నది మీ వీలుని బట్టి ఉంటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే డైక్ (పిల్లల ఎదుగుదలలో ఇబ్బందుల్ని చిన్నప్పుడే గుర్తించే) కేంద్రాల్లో పరీక్షా, చికిత్సా ఉచితం. రద్దీ ఉంటుంది, వరసగా అపాయింట్‌మెంట్లు దొరక్కపోవచ్చు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. చెవి పరీక్ష, భాష పరీక్ష రెండూ ఒకేచోట అయిపోతాయి, మీరు హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి నేనైతే అక్కడే మొదలుపెడతాను. ప్రైవేటు క్లినిక్ అయితే త్వరగా అవుతుంది, దగ్గర్లో దొరుకుతుంది, నెల తిరిగేసరికి ఖర్చు మాత్రం బాగానే అవుతుంది. అక్కడ రెండు సంగతులు చూసుకోండి. చూసేవాళ్ళకి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. మిమ్మల్ని గది బయట కూర్చోబెట్టకుండా లోపలికి రానిచ్చి నేర్పాలి, ఎందుకంటే వారానికి రెండుసార్లు ముప్పావుగంట వాళ్ళ దగ్గర ఉండే పిల్లవాడు మిగతా సమయమంతా మీ దగ్గరే ఉంటాడు. ‘ఆరు నెలల్లో గ్యారంటీగా మాట్లాడిస్తాం’ అనేవాళ్ళ దగ్గర డబ్బు కట్టకండి.

తెలుగుకి ఇంగ్లీషుకి ఉన్నన్ని ప్రామాణిక పరీక్షలు లేవు. ఇంగ్లీషు పరీక్షని తెలుగులోకి మార్చి వేస్తే సరిపోదు. ఇంగ్లీషు పిల్లలు ఇబ్బందిపడే చోట్లు వేరు, ఇటాలియన్ పిల్లలవి వేరు, మనవి వేరు. అందుకని మీరు వెళ్ళేటప్పుడు బాబు ఆడుకుంటూ మాట్లాడిన వీడియోలు పట్టుకెళ్ళండి, మీతో మాట్లాడినది ఒకటి, నాన్నమ్మతో మాట్లాడినది ఒకటి. ‘అన్నడు, పోయిండు, వస్తలేడు’ మా ఇంటి మాటలేనని ముందే చెప్పండి, లేకపోతే వాటినీ తప్పుల్లో కలిపేసే ప్రమాదముంది.

బడి గురించి. జూన్ లోపు రిపోర్టు చేతికొస్తే మాట్లాడడం తేలికవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవయ్యొక్క రకాల్లో మాట, భాషకి సంబంధించిన వైకల్యం కూడా ఉంది. బడివాళ్ళతో తగువుకి కాదు, అడగడానికి మీకు అది బలం. ముందు వరసలో కూర్చోబెట్టమని, ఒకసారి ఒకే పని చెప్పమని, అందరి ముందు నిలబెట్టి రైమ్స్ అప్పజెప్పించవద్దని అడగండి. ఎల్‌కేజీలోనే ఇంకో ఏడాది ఉంచుతామంటే వెంటనే ఒప్పుకోకండి, వెంటనే కాదనకండి. వయసులో చిన్నవాళ్ళ మధ్య వాడికి ఒత్తిడి తగ్గొచ్చు. కానీ ఈ ఏడాది అందని సాయం వచ్చే ఏడాదీ అందకపోతే మళ్ళీ అదే పాఠం, అదే వెనకబాటు, పైగా స్నేహితులు పై తరగతికి పోయారన్న దిగులు. టీచరు ఈ చిన్న మార్పులకి ఒప్పుకుంటే యూకేజీకి పంపి చూడొచ్చు. ససేమిరా అంటే, తెలుగులో కాసేపైనా మాట్లాడనిచ్చే చిన్న బడి ఇంటి దగ్గర ఏదైనా ఉందేమో ఇప్పుడే వాకబు చేసి పెట్టుకోండి.

చెవి పరీక్ష రిపోర్టు రాగానే నాకు మళ్ళీ రాయండి. నీరుందంటే ఇందులో కొన్ని సలహాల వరస మారుతుంది.